హామీ సంతకం ఎవరిది?

(31 ఏళ్లు ఒక బ్యాంకు రుణాల విభాగంలో పనిచేసిన అనుభవంతో ఈ శీర్షిక రాస్తున్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అందుకని వాటినే తీసుకున్నాను.)

ప్రశ్న: నా వయసు 54. పద్దెనిమిదో ఏట చేతిలో ఏమీ లేకుండా పనిలోకి దిగాను. రోజూ తెల్లవారుజామున 4 గంటలకు లేచాను. వచ్చిన దాంట్లో నాలుగో వంతు దాచాను. అప్పు తీసుకుంటే ఒక్క వాయిదా కూడా ఆలస్యం చేయలేదు. ఇవాళ సొంత వ్యాపారం, సొంత ఇల్లు ఉన్నాయి. ఒకే ఇంట్లో పుట్టి పెరిగిన నా తమ్ముడికి ఇప్పటికీ నెల గడవడం కష్టం. నా కూతురు మాత్రం "నీకు కలిసొచ్చింది నాన్నా, బాబాయికి కలిసిరాలేదు, అంతే" అంటుంది. ఇన్నేళ్ల నా కష్టానికి విలువ లేదా? ఆస్తి అన్నది మనిషి అలవాట్లను బట్టి రాదా?

జవాబు: మీ అమ్మాయి మాట మిమ్మల్ని ఎందుకు నొప్పించిందో నాకు అర్థమైంది. 36 ఏళ్ల తెల్లవారుజాములను ఒక్క ముక్కలో తీసి పక్కన పెట్టినట్టు అనిపించి ఉంటుంది. మీరు రెండు ప్రశ్నలు అడిగారు. కష్టానికి విలువ ఉందా అంటే ఉంది, అందులో నాకు ఏ సందేహమూ లేదు. ఆస్తి అలవాట్లను బట్టే వస్తుందా అన్నప్పుడు మాత్రం నాకు రెండు ఫైళ్లు గుర్తొస్తాయి.

మొదటిది బట్టలు కుట్టే ఒకామెది. ప్రతి నెలా 7వ తేదీన వచ్చి పొదుపు ఖాతాలో డబ్బు వేసేది. పాసుబుక్కు నిండితే మేం కొత్తది ఇస్తాం, పాతది చాలామంది ఎక్కడో పడేస్తారు. ఆమె నాలుగు పాసుబుక్కులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి ముదురు నీలం దారంతో మిషన్ మీద కుట్టుకుంది. అట్టలు మందంగా ఉండడంతో సూది తడబడి ఉంటుంది, ఒకచోట కుట్టు కాస్త పక్కకు జరిగింది. రుణానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఆ పుస్తకం నా బల్ల మీదికి వచ్చింది. 11 ఏళ్లలో 132 నెలలు, 132 జమలు. ఒక్కటీ తప్పలేదు. లెక్కపెట్టడం నా పని కాబట్టి వేలు పెట్టి లెక్కపెట్టాను. 133వ వరుసలో జమ లేదు. ఖాతాలో ఉన్నదంతా ఒకేసారి తీసేసింది. కట్టుబడి పనిలో భర్త పైనుంచి పడ్డాడు, వెన్ను దెబ్బతింది. ఆ తర్వాత రెండేళ్లపాటు పుస్తకంలో చెప్పుకోదగ్గ అంకె లేదు. ఇప్పుడు రెండో మిషన్ కొనుక్కోవడానికి చిన్న అప్పు కావాలి. తాకట్టు పెట్టడానికి ఆస్తి లేదు. దరఖాస్తులో హామీదారు పేరు రాయాల్సిన చోట అడ్డగీత గీసి ఉంది. నేను తిరస్కరించాను. నిబంధనల ప్రకారం అది సరైన నిర్ణయమే. అయినా ఆ అడ్డగీత నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అదే నెలలో ఒక యువకుడు వచ్చాడు. మొదటి వ్యాపారం మూతపడింది. దాని మీద తీసుకున్న అప్పుకు చాలా నెలల వాయిదాలు ఆగిపోతే తండ్రి మొత్తం కట్టేశాడు. ఇప్పుడు రెండో వ్యాపారం. పక్కన తండ్రి కూర్చున్నాడు, ఇంటి పత్రాలు తెచ్చాడు, హామీ సంతకం పెట్టాడు. నేను మంజూరు చేశాను. ఆ వ్యాపారం నిలిచింది, పెరిగింది. చాలా ఏళ్ల తర్వాత ఒక సభలో ఆయన మాట్లాడుతుంటే విన్నాను. పెందలాడే లేవడం, లెక్క తప్పకుండా రాసుకోవడం, ఓటమికి భయపడకపోవడం తనను ఇంతవాణ్ణి చేశాయని చెప్పారు. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే పెందలాడే లేచేవారు, నిజంగానే కష్టపడ్డారు. తండ్రి సంతకం గురించి మాత్రం చెప్పలేదు. దాచాలనుకొని కాదు, ఆయనకు అది గుర్తుకు రాలేదని నా నమ్మకం.

ఈ ఇద్దరిలో అలవాట్లు ఎవరివి మేలు? నా దగ్గర 132 వరుసల సాక్ష్యం ఉంది.

అప్పటినుంచి నేను భాగ్యం అన్న మాటను ఒక్క తీరులోనే అర్థం చేసుకుంటున్నాను. పుట్టిన ఇల్లు మనకిచ్చే పెద్ద బలం నగదు కానక్కరలేదు. పడ్డప్పుడు మళ్లీ లేచేదాకా మోసే మనిషి ఉండడమే ఆ బలం. ఆ మనిషి ఉన్నవాడు రెండోసారి, మూడోసారి ప్రయత్నించగలడు. లేనివాడికి ఒక్క దెబ్బతోనే పదకొండేళ్ల క్రమశిక్షణ కరి మింగిన వెలగపండు అవుతుంది.

ఇది నా బల్ల దగ్గర కనిపించిన సంగతి మాత్రమే కాదు. స్వీడన్‌లో దత్తత వెళ్లిన పిల్లల ఆస్తి వివరాలను పరిశీలించి 2020లో ఒక పరిశోధన ప్రచురించారు. పెద్దయ్యాక వారి ఆస్తి కన్న తల్లిదండ్రుల ఆస్తి కంటే పెంచిన తల్లిదండ్రుల ఆస్తినే ఎక్కువగా పోలి ఉంది. ఆస్తిపరుల పిల్లలకు ఆ తెలివి రక్తంలోనే వస్తుందనే వాదనకు ఇది గట్టి దెబ్బ. అయితే పెంచిన ఇంట్లో డబ్బుతోపాటు డబ్బు అలవాట్లూ ఉంటాయి, ఆ సంగతి నేను దాటవేయను. ఇటలీలో ఇద్దరు ఆర్థికవేత్తలు ఫ్లోరెన్స్ నగరపు 1427 నాటి పన్ను లెక్కలను 2011 నాటి పన్ను లెక్కలతో పోల్చారు. అప్పుడు పై మెట్టు మీద ఉన్న ఇంటిపేర్లే ఇప్పటికీ పై మెట్టు మీద కనిపించాయి. దాదాపు ఆరు శతాబ్దాలు. రాజ్యాలు మారాయి, యుద్ధాలు జరిగాయి, కరెన్సీలు మారాయి, ఆ ఇంటిపేర్లు మాత్రం కింద పడలేదు. ఇక ప్రపంచం మొత్తాన్ని తీసుకుంటే, మనుషుల ఆదాయాల మధ్య తేడాలో సగానికి పైగా వారు ఏ దేశంలో బతుకుతున్నారన్న ఒక్క విషయంతోనే తేలిపోతుందని ఆర్థికవేత్త బ్రాంకో మిలనోవిచ్ 2015లో లెక్కకట్టి చూపించారు. ఏ దేశంలో పుట్టాలో ఎవరూ ఎంచుకోరు.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి. ఒకే ఇల్లు, ఒకే తల్లిదండ్రులు అంటున్నారు. ఆయన పనిలోకి దిగిన ఏడాది ఏది? ఉద్యోగాలు లేని మాంద్యం సమయంలో చదువు ముగించి బయటికి వచ్చినవారి జీతాలు, మంచి ఏడాదిలో వచ్చినవారితో పోలిస్తే దాదాపు పదేళ్లపాటు వెనకబడి ఉంటాయని కెనడా పట్టభద్రుల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. రెండు మూడేళ్ల తేడాతో పుట్టిన అన్నదమ్ములిద్దరికి రెండు వేర్వేరు లోకాలు ఎదురుకావచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు జబ్బు చేసినప్పుడు పని మానుకొని దగ్గరున్నది ఎవరు? ఒక్క వాయిదా కూడా ఆలస్యం చేయలేదని గర్వంగా రాశారు, ఆ గర్వం మీకు తగినదే. అందులో మీ క్రమశిక్షణ ఉంది. ఆ నెలల్లో ఏ పిడుగూ మీ ఇంటి మీద పడకపోవడమూ ఉంది. కుట్టుపని చేసుకునే ఆమె కూడా 132 నెలలు ఆ మాటే చెప్పగలిగేది.

మీ అమ్మాయితో ఒకసారి కూర్చొని మీ జీవితంలో మీకు హామీ సంతకం పెట్టినవాళ్ల పేర్లు చెప్పండి. మొదటి పని ఇప్పించినవారు, అరువు మీద సరుకు ఇచ్చినవారు, మీరు రోజంతా బయట ఉంటే ఇల్లు మోసినవారు. చివర చెప్పినవారు బహుశా ఆమె తల్లే అయి ఉంటారు. మీ కష్టం విలువ అప్పుడు ఆ పిల్లకు ఇంకా బాగా తెలుస్తుంది. ఇప్పటిదాకా ఆమె విన్నది సగం కథే.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. చిన్న జీతం. అంతా పుట్టుకతోనే తేలిపోతుందని చదివాక పొదుపు చేయడం దండగ అనిపిస్తోంది. నెలకు కొంచెం దాస్తే ఏమవుతుంది?

జవాబు: పై జవాబు చదివి మీరు ఇంకా నీరసపడతారేమోనని భయంగా ఉంది. అందుకే ఇది వెంటనే రాస్తున్నాను.

నెలకు 100 చొప్పున దాచారనుకోండి. ఏ డబ్బయినా సరే, అంకె చాలు. ఏడాదికి 8 శాతం చొప్పున నెలనెలా చక్రవడ్డీ పడితే 40 ఏళ్లకు మీరు కట్టింది 48,000, అది పెరిగి అయ్యేది సుమారు 3,49,000. పదేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి 30 ఏళ్లు కడితే, కట్టింది 36,000, అయ్యేది సుమారు 1,49,000. మీరు తగ్గించింది 12,000 మాత్రమే, పోగొట్టుకున్నది రెండు లక్షలు. ఈ లెక్కను నేను ఎన్నోసార్లు కాగితం మీద వేసి చూపించాను. చూసిన ప్రతి మనిషీ ఒకసారి నా వైపు, ఒకసారి కాగితం వైపు చూశారు. 8 శాతం ప్రతి ఏడూ ఖాయంగా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, ధరలు పెరిగి ఆ మొత్తం విలువ కొంత తరిగిపోతుంది కూడా. అయినా రెండు అంకెల మధ్య దూరం పెద్దదిగానే ఉంటుంది. కాలం ఒక్కటే పేదవాడికీ ధనికుడికీ ఒకే కొలతతో దొరికే పెట్టుబడి. అదీ ఆరోగ్యం నిలిస్తేనే.

అమెరికాలో గ్రేస్ గ్రోనర్ అనే ఆవిడ ఉండేవారు. 1935లో తాను సెక్రటరీగా పనిచేసే మందుల కంపెనీ అబాట్ వాటాలు మూడు కొన్నారు. మూడూ కలిపి 180 డాలర్లు. వాటిని అమ్మలేదు, వచ్చిన డివిడెండ్లతో (కంపెనీ లాభంలోంచి వాటాదారులకు ఇచ్చే డబ్బుతో) మళ్లీ వాటాలే కొన్నారు. 2010లో, నూరేళ్ల వయసులో ఆవిడ కన్నుమూసేసరికి ఆ మొత్తం 70 లక్షల డాలర్లయింది. తాను చదివిన కళాశాలకు ఇచ్చి వెళ్లారు. దాచడం గొప్పతనం చెప్పడానికి ఈ కథను అందరూ ఇక్కడితో ఆపుతారు. నేను ఇంకొక ముక్క చెబుతాను. గ్రేస్‌కు 12 ఏళ్లప్పుడు తల్లిదండ్రులు పోయారు. తెలిసిన ఒక కుటుంబం ఆమెనూ ఆమె కవల సోదరినీ చేరదీసి, ఇద్దరికీ కళాశాల చదువు చెప్పించింది. ఆమె దరఖాస్తులో హామీదారు స్థానం ఖాళీగా లేదన్నమాట. ఆ తర్వాత 75 ఏళ్లు ఆ వాటాల మీద చెయ్యి వేయకుండా ఉండడం మాత్రం పూర్తిగా ఆవిడ గొప్పతనమే. కదిలించకుండా ఉండగలగడం ఎంత కష్టమో డిపాజిట్లు మధ్యలోనే విరిచేసుకునేవాళ్లను చూసిన నాకు బాగా తెలుసు.

కాబట్టి దాచండి. ఒక్క మార్పు సూచిస్తాను. మొదటి ఏడాది పెట్టుబడుల జోలికి పోకండి. మూడు నెలల ఖర్చులు విడి ఖాతాలో చేరేదాకా అందులోనే వేయండి. మీకు హామీదారు లేకపోతే ఆ ఖాతాయే మీ హామీదారు.

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మిఠాయి ముందు పెట్టి, ఆగితే రెండు ఇస్తామని చెప్పిన ప్రయోగం గురించి మాకు శిక్షణలో చెప్పారు. ఆగగలిగిన పిల్లలే జీవితంలో పైకి వస్తారట. పేద పిల్లలకు ఓర్పు నేర్పితే పేదరికం పోతుందా?

జవాబు: ఓర్పు నేర్పండి, మంచిదే. కానీ ఆ ప్రయోగం తర్వాతి కథ కూడా మీ శిక్షణలో చెప్పి ఉండాల్సింది.

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 28 మంది చిన్న పిల్లలతో చేసిన ప్రయోగం 2013లో వెలువడింది. మిఠాయికి ముందు పిల్లలకు వాడేసిన క్రేయాన్లు ఇచ్చి "కాస్త ఆగు, ఇంతకంటే మంచి రంగులు తెస్తాను" అని చెప్పి వెళ్లారు. సగం మంది దగ్గరికి నిజంగానే కొత్త రంగులతో తిరిగి వచ్చారు. మిగతా సగం దగ్గరికి ఖాళీ చేతులతో వచ్చి, అవి లేవని చెప్పారు. తర్వాత స్టిక్కర్లతోనూ అంతే. అటు పిమ్మట మిఠాయి పెట్టి 15 నిమిషాలు ఆగమన్నారు. మాట నిలబెట్టుకున్న పెద్దమనిషిని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాల 2 సెకన్లు ఆగారు. మాట తప్పిన మనిషిని చూసినవాళ్లు 3 నిమిషాల 2 సెకన్లు. మొదటి గుంపులో 14 మందిలో 9 మంది చివరిదాకా ఆగితే, రెండో గుంపులో ఒక్కరే ఆగారు.

ఆ రెండో గుంపు పిల్లల్లో లోపమేమీ లేదు. ఒకసారి మోసపోయాక, చేతిలో ఉన్నది తినేయడమే తెలివైన పని. ఇంట్లో రేపు ఏముంటుందో తెలియని పిల్లవాడు రోజూ రెండో గుంపులోనే పెరుగుతాడు. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో అసలు ప్రయోగాన్ని తిరిగి పరీక్షించారు. ఆగగలగడానికీ పదిహేనేళ్ల వయసులో చదువుకూ మధ్య సంబంధం మొదట చెప్పినదాంట్లో సగమే కనిపించింది. కుటుంబ పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకునేసరికి ఆ మిగిలినదీ మూడింట రెండు వంతులు తగ్గిపోయింది.

పెద్దవాళ్లదీ ఇదే పరిస్థితి. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, కోత డబ్బు చేతికొచ్చాక మరోసారి ఆలోచనా శక్తిని కొలిచే పరీక్షలు పెట్టారు. ఈ ఫలితాలు కూడా 2013లోనే వచ్చాయి. అదే మనిషి, అదే బుర్ర. డబ్బుకు ఇబ్బంది పడుతున్న రోజుల్లో పరీక్ష సరిగా చేయలేకపోయాడు, ఇబ్బంది తీరాక మెరుగ్గా చేశాడు. పేదరికంలో తీసుకున్న చెడ్డ నిర్ణయాన్ని చూసి "అందుకే పేదవాడయ్యాడు" అనడం ఎంత తొందరపాటో ఆలోచించండి. నేను కూడా ఎన్నో ఏళ్లు ఆ తొందరపాటే చూపించాను.

మీ తరగతిలో ఓర్పు పాఠం పిల్లలతో మొదలుపెట్టకండి. శుక్రవారం ఆటలు ఆడిస్తానన్నారంటే శుక్రవారం ఆడించండి. పుస్తకం తెస్తానన్నారంటే తెండి. మీరు మాట తప్పని మనిషని వాళ్లకు నమ్మకం కుదిరితే, ఆగడం వాళ్లే నేర్చుకుంటారు.

ప్రశ్న: పేదవాళ్ల చేతిలో డబ్బు పోసినా నిలవదు. లాటరీ తగిలినవాళ్లు మళ్లీ మామూలైపోవడం చూస్తున్నాం కదా?

జవాబు: మీరన్నదాంట్లో కొంత నిజం ఉంది. అమెరికాలోని ఫ్లోరిడాలో లాటరీ గెలిచినవారి వివరాలు పరిశీలిస్తే, 50,000 నుంచి 1,50,000 డాలర్లు గెలిచినవారు మొదటి రెండేళ్లు తక్కువగా దివాలా తీసినా, మూడు నుంచి ఐదేళ్లకు చిన్న మొత్తాలు గెలిచినవారి స్థితికే వచ్చారని 2011లో తేల్చారు. అంతకంటే పాతది జార్జియా రాష్ట్రం కథ. 1832లో చెరోకీ తెగవారి నేలను ప్రభుత్వం లాటరీ వేసి పంచింది. ఒకరి నేల లాక్కొని మరొకరికి అదృష్టంగా ఇచ్చారు, ఆ అన్యాయాన్ని ప్రస్తావించకుండా ఈ లెక్క చెప్పడం నాకు ఇష్టం లేదు. గెలిచినవారికి 160 ఎకరాల చొప్పున దక్కింది. వారి కొడుకులు మాత్రం చదువులో గాని ఆస్తిలో గాని, గెలవనివారి కొడుకుల కంటే ఏమాత్రం పైకి రాలేదని పరిశోధకులు తేల్చారు. ఒక్కసారి వచ్చిపడిన డబ్బు దానంతట అదే తరాలను నిలబెట్టదు.

కానీ ఇది కూడా చూడండి. బంగ్లాదేశ్‌లో అతి పేద మహిళలకు ఆవు వంటి ఆస్తినిచ్చి, దాన్ని పోషించుకునే శిక్షణ కూడా ఇచ్చిన పథకం ఒకటుంది, బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థది. ఆ కుటుంబాలను 11 ఏళ్లు వెంబడించి చూసిన అధ్యయనం 2022లో వచ్చింది. అందరికీ అందింది దాదాపు ఒకే విలువ. ఆవుతోపాటు అంతకుముందే చేతిలో ఇంకొంచెం ఆస్తి ఉన్నవాళ్లు ఒక గడప దాటారు, ఇక ఏటా పైకి వెళ్లారు. ఆ గడప దాటలేనివాళ్లు మెల్లగా వెనక్కి జారారు. కష్టం ఇద్దరూ చేశారు. ఆ గడపకు ఇవతల కష్టం ఇల్లు గడపడానికే సరిపోతుంది, అవతలికి వెళితే మిగులుతుంది.

ఇది చదివిన రోజు నాకు ఆ రెండో కుట్టు మిషన్ గుర్తొచ్చి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. బహుశా ఆమె ఆ గడపకు ఒక మిషన్ దూరంలో ఉండి ఉంటుంది.

ప్రశ్న: కోటీశ్వరుల అలవాట్ల గురించి పుస్తకాలు చదువుతుంటాను. ఉపయోగం ఉందా?

జవాబు: అలవాట్లు మంచివైతే పాటించండి, నష్టం లేదు. అవే అలవాట్లు ఉండీ మునిగిపోయినవారి గురించి మాత్రం ఎవరూ పుస్తకం రాయరు. వారి ఫైళ్లు నేను చూశాను, సంఖ్య తక్కువేమీ కాదు. బిల్ గేట్స్ రాత్రీ పగలూ కంప్యూటర్ మీద పనిచేశారు, నిజమే. 1968లో ఆయన పాఠశాలలో కంప్యూటర్ టెర్మినల్ ఉండడానికి కారణం, అక్కడి తల్లుల సంఘం పాత వస్తువులు అమ్మి డబ్బు పోగుచేయడం. ఆ రోజుల్లో ఎన్ని పాఠశాలల్లో పిల్లలకు అలాంటిది అందుబాటులో ఉంది? వారెన్ బఫెట్ అయితే తాను పుట్టుకలోనే లాటరీ గెలిచానని బహిరంగంగా చెబుతూ వచ్చారు. అలవాట్ల పుస్తకం చదివేటప్పుడు పక్కన పెన్సిల్ పెట్టుకోండి. ఎవరు చెయ్యి అందించారో కనిపించినచోటల్లా గీత గీయండి.

ప్రశ్న: నా తమ్ముడు రెండేళ్ల కిందట దుకాణం పెట్టి నష్టపోయాడు. మళ్లీ మొదలుపెడతానంటూ బ్యాంకు అప్పుకు నన్ను హామీ సంతకం పెట్టమంటున్నాడు. మావారు వద్దంటున్నారు. వాడికి చేతిలో డబ్బు నిలవదు, అలవాట్లే సరిగా లేవు అంటున్నారు. నాకు వాడంటే ప్రాణం. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ సంతకం అంటే ఏమిటో తెలుసుకోండి. పూచీకత్తు అనేది మాట సాయం కాదు. తమ్ముడు కట్టకపోతే బ్యాంకు ఆ మొత్తాన్ని మీ దగ్గర వసూలు చేస్తుంది. ఆ అప్పు మీ పరపతి లెక్కలోకి కూడా రావచ్చు. రేపు మీ ఇంటికే అప్పు కావలసి వస్తే అది అడ్డుపడొచ్చు. మీవారు అంటున్న జాగ్రత్తలో తప్పేమీ లేదు.

ఆయన చెప్పిన కారణం మాత్రం సరిచూసుకోవాలి. మొదటి దుకాణం ఎందుకు పోయింది? తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఆ దుకాణం నడిచిన నెలల లెక్క రాయించండి. నెలనెలా అమ్మకం ఎంత, అద్దె ఎంత, అరువు ఎంత ఇచ్చాడు, ఇంటి ఖర్చుకు ఎంత తీశాడు. నేను ఫైలు తెరిచినప్పుడు మొదట చూసేది ఇంటి ఖర్చుకు తీసిన అంకెనే. అమ్మకాలు తగ్గుతున్నా ఆ అంకె పెరుగుతూ పోయి ఉంటే, మీవారి మాట నిజం. ఇంటి ఖర్చు తగ్గించుకుంటూ వచ్చి, ఏ అద్దె పెంపు వల్లో, జబ్బు వల్లో, పెద్ద బాకీ రాకపోవడం వల్లో మునిగిపోయి ఉంటే అది వేరే సంగతి. అతను లెక్కే రాయలేనంటే సంతకం పెట్టకండి. ఆరు నెలలు చిన్న ఎత్తున చేసి, లెక్క రాసి తెమ్మనండి.

లెక్క తెచ్చాడనుకోండి. మొత్తం అప్పుకు హామీ ఇవ్వనవసరం లేదు. ఒక పరిమితి వరకే పూచీ ఉండేలా రాయించుకోవచ్చేమో బ్యాంకును అడగండి. ఆ పరిమితి ఎంతంటే, పూర్తిగా పోయినా మీ పిల్లల చదువూ మీ ఇల్లూ కదలనంత. మీవారిని పక్కన కూర్చోబెట్టుకొని ఆ అంకె ఇద్దరూ కలిసి రాయండి. ఆయనకు తెలియకుండా మాత్రం ఈ పని చేయకండి. బ్యాంకు పరిమితికి ఒప్పుకోకపోతే, అంతే మొత్తాన్ని మీరే చేబదులుగా ఇచ్చి, తేదీలతో కాగితం రాయించుకోండి. పోయినా బంధం తెగని మొత్తం అది.

వాయిదా తేదీ ఏదో అడిగి తెలుసుకొని మీ క్యాలెండర్‌లోనూ గుర్తు పెట్టుకోండి. ఆ తేదీకి రెండు రోజుల ముందు తమ్ముడికి ఫోన్ చేయండి. ఒకటి రెండు నెలలు చేస్తే చాలదు. అప్పు తీరేదాకా ప్రతి నెలా చేయండి.